మన డీఎన్‌ఏలో అధిక భాగం వ్యర్థమేనా?

జిజ్ఞాసి:
మనిషి జీనోమ్‌లో, అంటే డీఎన్‌ఏ పూర్తి ప్రతిలో, సుమారు 300 కోట్ల క్షార జంటలు (ఏ, సీ, జీ, టీ అనే అక్షరాలు) ఉండగా, ప్రోటీన్ల తయారీకి సూచనలనిచ్చే భాగం 2 శాతం కూడా లేదు. మిగిలిన దానిలో అధిక భాగాన్ని 1972లో జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో ‘జంక్’ (పనికిరాని సామాను) అన్నారు. 2012లో ఎన్‌కోడ్ పరిశోధక బృందం 80 శాతానికి ఏదో ఒక జీవరసాయన క్రియ ఉందని ప్రకటించింది. దేనిని నమ్మాలి?

తంగేడు:
ఎన్‌కోడ్ చూపినది క్రియను మాత్రమే, ప్రయోజనాన్ని కాదు. డీఎన్‌ఏలో ఒకచోట ఏదైనా ప్రోటీన్ అతుక్కున్నా, అక్కడి నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు వెలువడినా, ఆ చోటును లెక్కలో చేర్చారు. మన జీనోమ్‌లో దాదాపు సగం, తమకు తామే నకళ్లు చేసుకుంటూ వ్యాపించిన సంచార మూలకాల అవశేషాలే. వాటిలో ఆలూ అనే 300 అక్షరాల ముక్క ఒక్కటే 10 లక్షలకు పైగా చోట్ల ఉంది. పైగా ప్రతి శిశువూ తల్లిదండ్రులలో లేని 60, 70 కొత్త మార్పులతో పుడుతుంది. జీనోమ్‌లో ప్రతి అక్షరానికీ పని ఉన్నట్లయితే, తరతరానికీ పేరుకునే ఆ నష్టాన్ని ఏరివేయడం ప్రకృతి వరణానికి సాధ్యమయ్యేది కాదు. ఉల్లిపాయకు మనకంటే దాదాపు ఐదు రెట్లు డీఎన్‌ఏ ఉంది, అదంతా అవసరమేనంటారా?

వేకువ:
సంచార మూలకాలన్నీ నిరర్థకమని ఎలా అనగలరు? మావి ఏర్పడడానికి తోడ్పడే సిన్‌సిటిన్ అనే ప్రోటీన్, మన పూర్వీకుల డీఎన్‌ఏలో చేరిపోయిన ఒక వైరస్ జన్యువు నుంచే వచ్చింది. ఉల్లి విషయానికొస్తే, దానిలో క్రోమోజోములు రెట్టింపై ఉండవచ్చు కదా.

తంగేడు:
మామూలు ఉల్లిలో 16 క్రోమోజోములు, బీజకణానికి సుమారు 17 పికోగ్రాముల (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు) డీఎన్‌ఏ ఉంటాయి. దాని దగ్గరి బంధువైన అల్లియం ఉర్సినమ్‌లో క్రోమోజోములు 14 మాత్రమే ఉన్నా, డీఎన్‌ఏ 31 పికోగ్రాములు ఉంది. రెట్టింపు వాదం ఇక్కడ నిలవదు.

సూక్ష్మదర్శి:
తక్కువ డీఎన్‌ఏతోనూ పని జరుగుతుందనడానికి ఫుగు చేపను మరువకండి. జన్యువులు దాదాపు మనకున్నన్నే, జీనోమ్ మాత్రం మనదానిలో ఎనిమిదో వంతు.

వేకువ:
రెండు రోజులుగా పికోగ్రాముల మీదే ఆగిపోయాము. మా అబ్బాయి కండరాల బలహీనతతో నడవలేకపోతున్నప్పుడు, ప్రోటీన్ భాగాలను మాత్రమే చదివిన పరీక్ష ‘ఏ లోపమూ లేదు’ అని తేల్చింది. మిగిలిన డీఎన్‌ఏను కూడా చూడమని బతిమాలితే, అది వ్యర్థమనీ, అక్కడ వెతకడం దండగ అనీ అన్నారు. నాలుగేళ్ల తర్వాత కండరం నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏను చదివితే, రాకూడని 72 అక్షరాలు ప్రోటీన్ తయారీ సందేశం మధ్యలో చేరి ఉన్నాయి. జన్యువులోని ఇంట్రాన్ (ప్రోటీన్ తయారీకి ముందే సందేశం నుంచి కత్తిరించివేసే భాగం) లోపల, సీ ఉండవలసిన చోట టీ ఉండడమే దానికి కారణం. అది వ్యర్థమే అయితే, ఒక్క అక్షరం మారినందుకు వాడి కాళ్లు ఎందుకు పడిపోయాయి?

తంగేడు:
వేకువ గారూ, మీకు ఆ మాట అన్నవారిది తప్పు, అందులో సందేహం లేదు. అయితే మీరు చెప్పిన 72 అక్షరాలు అంతకుముందు ఏ పనీ చేయలేదు. పనిలేని ముక్క సందేశంలోకి జొరబడినందువల్లనే ప్రోటీన్ చెడింది. పనికిరానిదంటే హాని చేయలేనిదని అర్థం కాదు. పారవేసేది చెత్త, అటక మీద పడి ఉండేది జంక్ అని జీవశాస్త్రవేత్త సిడ్నీ బ్రెన్నర్ చూపిన భేదం ఇదే. అటక మీది సామాను తల మీద పడనూ వచ్చు, ఏనాడో అక్కరకు రానూ వచ్చు. మీరు చెప్పిన సిన్‌సిటిన్ అలా అక్కరకు వచ్చినదే.

వేకువ:
ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆ అక్షరాలు చెరిగిపోయినా వరణం పట్టించుకోదని మీరంటున్నారు, దానిని ఒప్పుకుంటాను. కానీ అదే పదాన్ని విన్న వైద్యుడు అక్కడ చూడడమే మానేస్తున్నాడు. నా అభ్యంతరమంతా దాని మీదే.

తంగేడు:
పదం మార్చడానికి నాకు అభ్యంతరం లేదు. 80 శాతానికి ప్రయోజనం ఉందన్న మాటను మాత్రం ఒప్పుకోను.

జిజ్ఞాసి:
వేకువ గారూ, అడగవచ్చో లేదో తెలియదు. ఆ టీ మీలో గాని, మీ వారిలో గాని ఉందా?

వేకువ:
ఇద్దరిలోనూ చూశారు, లేదు. తంగేడు గారు చెప్పిన ఆ 60, 70 కొత్త మార్పులలో అదొకటి.