ఫిజియో చేసినోళ్ళు ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం) నేర్చుకోడానికి చైనా పోవచ్చా? పోయొచ్చినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?

ఒంగోలు ఫిజియో:
అన్నలూ అక్కలూ నమస్తే. మాది కందుకూరు దగ్గర పల్లెటూరు, బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి రెండేళ్ళుగా ఒంగోలులో ఒక క్లినిక్‌లో పనిచేస్తన్నా. వచ్చేవాళ్ళంతా మోకాళ్ళు నడుములే, కరెంటు పెట్టి ఎక్సర్‌సైజులు చెప్పి పంపిస్తే నెల తిరక్కుండా మళ్ళీ వస్తారు (ఇంటికి పోయాక ఒక్కళ్ళూ చెయ్యరు, అది వేరే సంగతి). మొన్నొక పెద్దాయన చెన్నైలో సూదులు వేయించుకొచ్చి మూడు వారాలు హాయిగా నిద్రపోయానమ్మా అన్నాడు, అప్పట్నించి నాకిదే ధ్యాస. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీకి నాన్నతో పోయా. చైనాలో ఐదేళ్ళ సంప్రదాయ వైద్యం కోర్సంట, మొత్తం ఇంగ్లీషులోనే అంట, తిరిగొచ్చాక ఎంబీబీఎస్‌తో సమానం, పేరు ముందు డాక్టర్ పెట్టుకోవచ్చు అన్నారు. నెలాఖరులోపు లక్ష కడితే సీటు పట్టి ఉంచుతారంట. పొగాకు వేలం డబ్బులు చేతికొచ్చుండాయి కాబట్టి కట్టేద్దాం అంటాడు నాన్న, నాకే ఎందుకో మనసొప్పటం లేదు. తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

కావలి బావ:
అమ్మా ముందు ఆ లక్ష కట్టమాక. నేను చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చినోణ్ణి, ఈడ ఎఫ్‌ఎంజీఈ (బయటిదేశాల్లో ఎంబీబీఎస్ చేసినోళ్ళకి ఈడ పెట్టే పరీక్ష) రెండోసారికి గట్టెక్కా. ఆ పరీక్షకి కూర్చోవాలంటే చదివింది ఎంబీబీఎస్ అయ్యుండాల, చైనా సంప్రదాయ వైద్యం డిగ్రీ చూపిస్తే కూర్చోనివ్వరు. ఇంక సమానం యాడిది? అయితే ఆక్యుపంక్చర్‌కి గుర్తింపే లేదనుకోవద్దు, 2003లో కేంద్రం దాన్ని చికిత్సా పద్ధతిగా ఒప్పుకుంది, 2019లో విడిగా ఒక వైద్య విధానంగా కూడా గుర్తించింది, మహారాష్ట్రలో, బెంగాల్‌లో దానికోసమే చట్టాలున్నాయి. మన రాష్ట్రంలో ఏ చట్టం కింద, ఏ రిజిస్ట్రేషన్‌తో ప్రాక్టీస్ చేస్తావో కన్సల్టెన్సీ వాణ్ణి కాయితం మీద రాసి సంతకం పెట్టమను, ఆ రోజు నించి నీ ఫోనెత్తితే నన్నడుగు.
ఇంగ్లీషు సంగతి కూడా విను. క్లాసులో ఇంగ్లీషు చెప్పొచ్చు, ఓపీలో ముసలామెకి ఇంగ్లీషు వస్తదా? నాలుక చాపమని చూడటం, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి నాడి పట్టడం, నిద్ర ఎట్టుంది, దాహం వేస్తందా అని అరగంట అడగటం, వాళ్ళ వైద్యమంతా దాంట్లోనే ఉండాది. అందుకే చైనీస్‌లో చదవాలంటే చాలాచోట్ల హెచ్‌ఎస్‌కే (చైనీస్ భాష పరీక్ష) నాలుగో లెవెల్ అడుగుతారు. నేను రెండేళ్ళకి కూరగాయలు బేరమాడే చైనీస్ దాకా వచ్చా, అంతే.
ఇంకోటి, 1938లో మన దేశం నించి పోయిన డాక్టర్ల బృందంలో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనా పోయిన డాక్టర్ బసు తర్వాత మళ్ళీ పోయి సూదుల వైద్యం నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. ఆయన పోయేటప్పటికే డాక్టరు.

నెల్లూరు సూదులక్క:
బావ చెప్పింది నిజమే గానీ పిల్లని మరీ బెదరగొట్టమాక. నేను బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చేసి, తర్వాత మూడు నెలల ట్రైనింగ్‌కి నాన్‌జింగ్ పోయొచ్చా. డబ్ల్యూహెచ్‌వో అడిగితే 1975లో బీజింగ్, షాంఘై, నాన్‌జింగ్‌లలో బయటిదేశాల వాళ్ళ కోసం ట్రైనింగ్ సెంటర్లు పెట్టారు, పొద్దున ఆసుపత్రి మధ్యాహ్నం క్లాసు, పక్కన ఇంగ్లీషు చెప్పే మనిషి ఉంటది. నీకు కావాల్సింది అట్టాంటిది. అనాటమీ నీకు ముందే వచ్చు కదా, ఐదేళ్ళెందుకు?
మొదటి వారం మనిషిని ముట్టనియ్యలా. కాయితం మడతలు పెట్టి దారంతో గట్టిగా చుట్టి చేతికిచ్చారు, దాంట్లో సూది వంగకుండా దించాల. వెంట్రుకంత సూది, పాతిక దించితే ఇరవై వంకర్లు పోయినయ్యి. తర్వాత మన కాల్లో మనమే గుచ్చుకోవడం. మోకాలి చిప్ప కింద బయటివైపు గుంట ఉంటది చూడు, ఆడ్నించి నాలుగు వేళ్ళ వెడల్పు కిందకి, ఎముక అంచు నించి వేలెడు పక్కకి, దాన్ని జు సాన్ లీ అంటారు. ఆ వేళ్ళు మనవి కాదు, పేషెంటువి! పొట్టి మనిషికి మన వేళ్ళతో కొలిస్తే పాయింటు దాటిపోద్ది, నేను దీనికే మూడుసార్లు తిట్లు తిన్నా. సరైన చోట దిగితే పేషెంటుకి బరువుగా, జివ్వుమని లాగినట్టుంటది, మన వేళ్ళకి సూదిని లోపల్నించి ఎవరో పట్టుకున్నట్టు తెలస్తది. దాన్నే దె ఛీ అంటారు, చేప గాలం మింగినట్టుంటదని వాళ్ళ పాత పద్యంలోనే ఉండాదంట. నెల్లూరోళ్ళకి అది విడమరిచి చెప్పాలా!
361 పాయింట్లు బట్టీ కొట్టడం పెద్ద పనేం కాదు. యాడ గుచ్చకూడదో అది ముఖ్యం. భుజం పైన పాయింటు కింద ఊపిరితిత్తి పైకొన ఉంటది, లోతుగా పోతే గాలి లీకై మనిషి ఐసీయూకి పోతాడు. కడుపుతో ఉన్నోళ్ళకి బొటనవేలు చూపుడువేలు మధ్య పాయింటు ముట్టుకోరు. సూది ఒకసారి వాడితే డబ్బాలో పడాల్సిందే, ఈడ కొన్ని క్యాంపుల్లో చూసినవి చెప్తే మీకు రాత్రి నిద్ర పట్టదు.

కనిగిరి మాస్టారు:
అమ్మాయ్, మా వైపు నించి నడుం పట్టుకుని వచ్చేవాళ్ళలో చాలామందికి బోరు నీళ్ళ ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుంటుంది. అది సూదితో బయటికి రాదు. నొప్పి తగ్గుద్ది అని చెప్పు, జబ్బు పోద్ది అనొద్దు, మా వాళ్ళు ఇప్పటికే అందరి మాటా నమ్మి ఉన్నారు. రెండోది, 2007లో జర్మనీలో 1162 మంది నడుం నొప్పి రోగుల మీద చూసిన ఫలితం ఒకటి అచ్చయింది. అసలు పాయింట్లలో సూదులు వేసినవాళ్ళలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది, పాయింటు కాని చోట పైపైన గుచ్చినవాళ్ళలో 44.2 శాతం, మామూలు మందులు, వ్యాయామం గుంపులో 27.4 శాతం. పాయింటు గొప్పదనం ఎంత, పడుకోబెట్టి అరగంట పట్టించుకోవడంలో ఉన్నది ఎంత అనేది పోయే ముందు నువ్వే ఆలోచించుకో.

నెల్లూరు సూదులక్క:
మాస్టారూ ఆ లెక్క నాకూ తెలుసు, కాదనను. ఉత్తుత్తి సూది కూడా మామూలు వైద్యం కంటే మెరుగ్గా పనిచేసింది చూడండి, ఇప్పటికీ జర్మనీలో నడుం నొప్పికి, మోకాళ్ళ నొప్పికి ఇన్సూరెన్సు వాళ్ళు దీనికి డబ్బులిస్తారు. ఫ్లోరైడ్ మాట మాత్రం మీరన్నది నూటికి నూరుపాళ్ళు.

ఒంగోలు ఫిజియో:
అందరికీ థాంక్స్. ఇందాకే ఫోన్ చేసి కాయితం మీద రాసివ్వమన్నా, సారు మీటింగులో ఉన్నాడు మళ్ళీ చేస్తాం అన్నారు, సాయంత్రం దాకా చెయ్యలా. నాన్నకి మీ మాటలన్నీ చదివి వినిపించా, ఏం మాట్లాడలా గానీ చెక్కుబుక్కు బీరువాలో పెట్టేశాడు. చీమకుర్తిలో మా పెద్దమ్మ కొడుకు గ్రానైట్ ఆఫీసులో చైనా కొనుగోలుదార్లకి మాటలు చెప్పే పనిలో ఉన్నాడు, ఆదివారాలు చైనీస్ నేర్పమని అడిగా, చేపల పులుసు పెడితే నేర్పుతానన్నాడు. సూదులక్కా, ఆ కాయితం కట్ట ఎట్టా చుట్టాలో ఒక ఫోటో పెట్టవా?