ఉల్లి మొగ్గల్లో క్రోమోజోముల జతలు కనిపించడం లేదు

ప్రశ్న: ఉల్లి పూమొగ్గలతో మియోసిస్ (క్రోమోజోముల సంఖ్యను సగం చేసే కణ విభజన) స్లైడ్ చేస్తే పుప్పొడి రేణువులే వస్తున్నాయి. ఒక్క బైవలెంటూ (క్రోమోజోముల జత) లేదు. తప్పెక్కడ?

జవాబు 1: మొగ్గ ముదిరిపోయిందండీ. పరాగకోశం (పుప్పొడి తయారయ్యే సంచి) పసుపుపచ్చగా ఉంటే విభజన అయిపోయినట్టే. గుత్తి లోపలి చిన్న మొగ్గలు, పరాగకోశం లేత ఆకుపచ్చగా, పారదర్శకంగా ఉన్నవి తీసుకోండి. 3 వంతుల ఆల్కహాల్, 1 వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లంలో 24 గంటలు ఉంచి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పరాగకోశాన్ని ఎసిటోకార్మిన్ (క్రోమోజోములకు రంగు పట్టించే ద్రవం) చుక్కలో నలిపి, కొద్దిగా వేడి చేయండి, మరగనివ్వొద్దు. కవర్‌స్లిప్ నొక్కేటప్పుడు పక్కకి జరిగితే కణాలన్నీ చితికిపోతాయి.

జవాబు 2: జతలు లెక్కపెట్టడానికి డయాకైనసిస్ (జతలు పొట్టిగా, విడివిడిగా కనిపించే దశ) మేలు. ఉల్లిలో 2n=16, అంటే మామూలు కణంలో 16 క్రోమోజోములు, కాబట్టి 8 జతలు రావాలి. అంతకు ముందు దశ పాకిటీన్‌లో జతలు పూర్తిగా కుదిరే ఉంటాయి, కానీ చిక్కుపడ్డ దారాల్లా కనిపిస్తాయి. జతలోని రెంటినీ కలిపే ప్రోటీన్ నిర్మాణం, సినాప్టోనీమల్ కాంప్లెక్స్, వెడల్పు సుమారు 100 నానోమీటర్లే, మామూలు సూక్ష్మదర్శినికి అందదు.

ప్రశ్న: 7 జతలు, 2 విడివి వస్తే?

జవాబు 2: ముందు గట్టిగా నొక్కడంవల్ల విడిపోయాయేమో మరికొన్ని కణాల్లో చూడండి. నిజంగా కయాస్మా (జతలోని రెంటినీ పట్టి ఉంచే ముడి) ఏర్పడకపోతే ఆ రెండూ ఎటుపడితే అటు వెళ్తాయి. ఒకే ధ్రువానికి (కణం ఒక కొనకు) చేరితే 8కి బదులు 7, 9 క్రోమోజోముల రేణువులు వస్తాయి.