పికప్‌లో కంపెనీ స్పీకర్లు మార్చాలి: డోర్ స్పీకర్లు ఒక్కటే సరిపోతాయా, ఆంప్ (సౌండ్‌కి పవర్ పెంచే ఆంప్లిఫయర్) కూడా పెట్టాలా?

చెరువుగట్టు:
డబుల్ క్యాబ్ డీజిల్ పికప్ అండీ. కంపెనీ పేరు చెప్పను, చెబితే అందరూ దాని మీదే పడి కొట్టుకుంటారు. భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద తిరగడానికి, మేత బస్తాలు వేసుకెళ్లడానికి కొన్నాను కానీ ఇంట్లోవాళ్లతో హైదరాబాద్ కూడా దీంట్లోనే వెళ్తాం, పాటలు లేకపోతే ఆ దూరం తెమలదు. ఉన్న నాలుగు డోర్ స్పీకర్లలో గొంతు మాత్రమే వినిపిస్తుంది. ఇళయరాజా పాట పెడితే బేస్ గిటార్ ఉందని మనమే ఊహించుకోవాలి, కాస్త పెంచితే డోర్ ప్యాడ్ గడగడమంటుంది. టచ్‌స్క్రీన్ సెట్ మార్చే ఉద్దేశం లేదు, రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు దానికే ఉన్నాయి. బడ్జెట్ 15 వేలు, మహా అయితే 20. షాపాయన 350 వాట్ల స్పీకర్లు చూపించి ఇవి వేస్తే బండి ఊగిపోద్ది అంటున్నాడు. నమ్మొచ్చా? బండి ఇంకా వారంటీలో ఉంది, అదొక టెన్షన్.

ఆటోనగర్_వైరింగ్:
350 అనేది డబ్బా మీద బొమ్మ లాంటిది, దాన్ని వదిలేయండి. స్పీకరు తనంతట తాను పవర్ పుట్టించదు కదా, మీ సెట్ ఎంత ఇస్తుందో చూసుకోవాలి. ఇంజన్ నడుస్తుంటే 14.4 వోల్టులు వస్తాయనుకోండి, స్పీకరు 4 ఓములు. 14.4ని 14.4తో గుణించి 4తో భాగిస్తే 52 దగ్గర తేలుతుంది. సెట్ల మీద 4×50 అని గొప్పగా రాసుకునేది ఈ లెక్కతోనే, కాకపోతే అది సౌండ్ పూర్తిగా పగిలిపోయినప్పుడు వచ్చే అంకె. శుభ్రంగా వచ్చేది అందులో సగం, అదీ కాగితం మీదే, చేతికొచ్చేసరికి 15 నుంచి 20 వాట్లు.

కాబట్టి డబ్బా వెనక సన్నక్షరాల్లో సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత చప్పుడు చేస్తుందో, ఎన్ని డీబీలో (డెసిబెల్స్) వెతకండి. 3 డీబీ తేడా అంటే పవర్‌లో రెట్టింపు తేడా. 92 డీబీ స్పీకరు 20 వాట్లకి చేసే చప్పుడు 89 డీబీ స్పీకరు చెయ్యాలంటే 40 వాట్లు కావాలి, రెండూ ఒకే పద్ధతిలో కొలిచిన అంకెలైతే. ఆ ముక్క షాపులో ఎవరూ చెప్పరు. వారంటీ గురించైతే కంపెనీ వైరు ఒక్కటి కూడా కొయ్యనివ్వకండి, మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ అడాప్టర్ (వైరు కొయ్యకుండా కంపెనీ ప్లగ్గుకే తగిలించేది) అడగండి, లేదంటే ఇంకో షాపు చూసుకోండి.

తలుపు_తీస్తే:
పై ఆయన లెక్క కరెక్టే కానీ స్పీకర్ల కంటే ముందు తలుపు సంగతి చూడండి. డోర్ ప్యాడ్ తీశాక లోపల రేకుకి పెద్ద పెద్ద కన్నాలుంటాయి. స్పీకరు కోన్ (కదిలే గరాటు లాంటి ముక్క) ముందుకి తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి ఆ కన్నాల్లోంచి కలిసిపోయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ముందు పోయేది బేసే. 10 వేల స్పీకరు పెట్టినా అంతే. బయటి రేకుకి లోపలివైపు డ్యాంపింగ్ షీట్ (రేకు అదురు తగ్గించేది) అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కించండి, వేలి కణుపుతో కొడితే డబడబ పోయి టక్ మనాలి. తర్వాత లోపలి రేకు కన్నాలు మూయించండి, స్పీకరు చుట్టూ ఫోమ్ రింగు పెట్టించండి. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయకూడదు.

ప్యాడ్ వెనక నల్ల జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది చూశారా, కుర్రాళ్లు దాన్ని చింపి పారేస్తారు. అద్దం సందులోంచి దిగే వాన నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. మీ భీమవరం వానలకి అది లేకపోతే ప్యాడ్ ఉబ్బి ముక్క వాసన కొడుతుంది. ఆ తేమకి పేపర్ కోన్ కంటే పాలీ (ప్లాస్టిక్) కోన్ మేలు.

ఇంకోటి, కొన్ని బండ్లకి సైడ్ ఎయిర్‌బ్యాగ్ ప్రెషర్ సెన్సర్ తలుపులోనే ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసి పని చేయించండి, ప్యాడ్ ఊడదీసి ఉండగా కీ తిప్పి పాట పెట్టి చూడటాలు వద్దు. ఆ సెన్సర్ చుట్టూ షీట్లు అంటించొద్దు.

డీజిల్_చప్పుడు:
అన్నా, తలుపులకే పైసలన్నీ పెట్టకు. డీజిల్ ఇంజన్ గుర్రుమనేది, టైర్ల మోత, రెండూ లోతు సౌండ్‌లే, రోడ్డెక్కినంక బేస్‌ని మింగేస్తయి. డోర్ స్పీకర్ ఎంత మంచిదైనా దాంతోని కొట్లాడలేదు. ముందు రెండు డోర్లకి మంచి కోయాక్సియల్స్ (లోతు సౌండ్, సన్న సౌండ్ రెండూ ఒకే దాంట్లో వచ్చే స్పీకర్లు) వేసి, వెనకవి కంపెనీవే ఉంచి, మిగిలిన పైసలతోని సీటు కింద పట్టే ఆంప్ ఉన్న 8 ఇంచుల సబ్ (బేస్ కోసమే ఉండే సబ్‌వూఫర్) పెట్టు. స్పీకర్ వైర్ నుంచే సిగ్నల్ తీసుకునేది దొరుకుతది, సెట్ ముట్టుకోవాల్సిన పని లేదు. కొనేముందు సీటు కింద ఎత్తు కొలువు, జాకీ అక్కడుందేమో చూడు. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి ఫ్యూజు మూరెడు లోపల ఉండాలె, సీటు దగ్గర పెడితే దారిలో వైరు రేకుకి రాసుకున్నప్పుడు కాపాడేది ఏమీ ఉండదు.

చెరువుగట్టు:
ఆయ్, అయితే ముందు తలుపులు రెండూ షీట్లు, కోయాక్సియల్స్, డబ్బు మిగిలితే సబ్. వెనక తలుపుల జోలికి వెళ్లను. షాపాయన ప్లస్, మైనస్ తారుమారు చేశాడేమో ఎలా తెలుస్తుంది?

ఆటోనగర్_వైరింగ్:
ప్యాడ్ మూయకముందే, కప్లర్ సెట్ వైపు నుంచి పీకి, స్పీకరు వైపు రెండు పిన్నులకి 1.5 వోల్ట్ పెన్‌సెల్ ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ స్పీకరు ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి రావాలి, రెండు తలుపుల్లోనూ ఒకేలా. ఒకటి బయటికి, ఒకటి లోపలికి వెళ్తే మళ్లీ మీ బేస్ గిటార్ మాయం. డబ్బు ఇచ్చేముందు అద్దం పూర్తిగా కిందకి దించి చూడండి, మాగ్నెట్‌కి తగులుతుందేమో.