స్లాబ్ కింద బీటలు: పుట్టీ పెట్టినా మళ్లీ అక్కడే తేలుతున్నాయి

గార_తీరం:
గార మండలంలో సముద్రానికి దగ్గర్లో ఇల్లు. హాలు సీలింగు మీద అడ్డదిడ్డంగా వెంట్రుకవాసి బీటలున్నాయి. ఇంకో బీట గోడ నుంచి గోడకి తిన్నగా పోయింది, దాని పక్కన గోధుమరంగు మరక. పుట్టీ పెట్టి రంగేయిస్తే వానలు దాటేసరికి మళ్లీ తేలాయి. మేస్త్రిని పిలిచేముందు ఏటి చూసుకోవాలి?

తాపీ_పని:
రెండింటికీ ఒకే మందు పనిచెయ్యదండీ. ముందు సుత్తి పిడితో సీలింగంతా తట్టి, డొల్ల శబ్దం వచ్చినచోటల్లా సుద్దతో గీత గీయండి. ఆ గీతల్లోపల ప్లాస్టింగు పైకి ఎంత బాగున్నా కొట్టేయాల్సిందే.

వెంట్రుక బీటల దగ్గర గట్టిగా ఉంటే పుట్టీ బ్లేడు మూలతో 5 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. లోతు గాడి తియ్యండి. బ్రష్షుతో దులిపి తడిగుడ్డతో తుడవండి. దుమ్ము మీద ఏ ఫిల్లరూ పట్టదు, ఎక్కువమంది తప్పించుకునే పని ఇదే. ఆరాక అక్రిలిక్ క్రాక్ ఫిల్లరు నొక్కి నింపి మర్నాటిదాకా వదిలేయండి. కొంచెం కుంగుతుంది, మళ్లీ నింపాలి. పైన 2 అంగుళాల ఫైబర్ జాలీ టేపు, దాని మీద పుట్టీ రెండు పల్చటి పూతలు. పూత 1.5 మి.మీ. దాటితే అదే పగులుతుంది. ఆరాక 180 నంబరు ఎమరీ కాయితంతో రుద్ది, ప్రైమరు, రంగు.

గార_తీరం:
పీఓపీతో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) నింపితే తొందరగా అయిపోద్దంటున్నారు?

తాపీ_పని:
వద్దండీ. అది జిప్సం, చెమ్మకి మెత్తబడిపోద్ది. వైట్ సిమెంటు పుట్టీయే వాడండి.

చీపురుపల్లి_సివిల్:
తిన్నగా పోయిన బీట, పక్కన మరక అంటే లోపల చువ్వకి తుప్పు పట్టిందన్నమాట. ఉప్పుగాలిలోని క్లోరైడ్లు కాంక్రీటులోకి దిగితే చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, కింది కాంక్రీటుని తోసేస్తుంది. పెచ్చు ఊడిపడొచ్చు, ఆ కింద ఎవరినీ పడుకోనివ్వకండి.

చువ్వ వెనక వేలు దూరేంత, అంటే సుమారు 20 మి.మీ., ఖాళీ వచ్చేదాకా చిప్పింగు (కాంక్రీటు చెక్కడం) చేయించండి. తుప్పులేని చువ్వ కనిపించేదాకా పొడవునా పోవాలి. వైరుబ్రష్షుతో మెరిసేలా తోమి, అదేరోజు జింకు ప్రైమరు కొట్టాలి. అది ఆరాక ఎస్‌బీఆర్ లేటెక్సు (అతుకు పట్టించే పాలలాంటి రబ్బరు ద్రవం), నీళ్లు సమంగా తీసుకుని సిమెంటుతో చిక్కగా కలిపి పుయ్యండి. ఆ పూత ఆరకముందే మాలు ఎక్కించాలి, ఆరిందంటే అతుకు పట్టదు. మాలుకి సిమెంటు 5 కిలోలు, ఇసుక 15 కిలోలు, లేటెక్సు ముప్పావు లీటరు, నీళ్లు వీలైనంత తక్కువ. ఒక్కసారికి 10 మి.మీ. మించితే బరువుకి జారిపోతుంది. నాగావళిదో వంశధారదో ఏటి ఇసుకే వాడండి, సముద్రపు ఇసుక ఒక్క తట్ట కూడా కలవనివ్వద్దు. ఒకరోజు తడిగా ఉంచి, తర్వాత గాలికి ఆరనివ్వండి.

చువ్వ మందంలో ఎనిమిదోవంతు తినేసినట్టుంటే కింద జాకీలు (స్లాబుని మోసే ఊతలు) పెట్టించి స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి. అక్కడ మేస్త్రి పని సరిపోదు.

రంగుల_డబ్బా:
పైన డాబా చూశారా? పిట్టగోడ మూలల్లో నీళ్లు నిలుస్తుంటే ముందు అది ఆపాలి. అడుగు చదరం పాలిథీన్ కవరుని నాలుగువైపులా టేపుతో సీలింగుకి అంటించి మర్నాడు తీసి చూడండి. స్లాబ్ వైపు చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆగాలి. మనవైపు అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటాక, సంక్రాంతి తర్వాత మొదలెట్టుకోండి.