కౌలు రైతుల అప్పుల మీద పీహెచ్‌డీ: సర్వేతో మొదలుపెట్టాలా, ఇంటర్వ్యూలతోనా?

నంబూరు_స్కాలర్:
అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర పీహెచ్‌డీలో చేరి మూడు నెలలైంది. టాపిక్ కౌలు రైతుల అప్పులు. కోర్సువర్క్‌లో ఒక క్లాసులో శాంపిల్ సైజు, టీ టెస్టు, రిగ్రెషన్ లాంటి లెక్కల పద్ధతులు చెబుతున్నారు. ఇంకో క్లాసులో ఇంటర్వ్యూలు, కోడింగ్ (చెప్పిన మాటల్ని ముక్కలుగా విడదీసి పేర్లు పెట్టడం), వాటిలోంచి థీమ్‌లు తీయడం. విడివిడిగా రెండూ అర్థమవుతున్నాయి. నా టాపిక్ దగ్గరికొచ్చేసరికి ఏది ఎక్కడ వాడాలో తెలియడం లేదు. "నాలుగొందల మందితో క్వశ్చనీర్ నింపించు, ఎస్‌పీఎస్‌ఎస్‌లో వేసెయ్, అయిపోతుంది" అంటున్నారు సీనియర్లు (ఎస్‌పీఎస్‌ఎస్ అంటే లెక్కల సాఫ్ట్‌వేర్). అది సరైన దారేనా? ఈ ప్రాంతంలో ఫీల్డ్‌వర్క్ చేసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_లెక్కలు:
ఆ నాలుగొందలు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలుసుకోండి. 95 శాతం నమ్మకం, అటూ ఇటూ 5 శాతం తేడా అనుకుని, శాంపిల్ సైజు లెక్కగట్టే కాక్రన్ సూత్రంలో వేస్తే 384 వస్తుంది. 1970 నాటి క్రేజ్సీ, మోర్గాన్ శాంపిల్ సైజు పట్టికలోనూ పది లక్షల జనాభాకి అదే అంకె. అందుకే అందరూ దాన్ని 400 చేసి రాసేస్తారు. కానీ మనుషుల్ని యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే ఆ లెక్కకు అర్థం. దొరికినవాళ్లతో నింపిస్తే 4,000 మందైనా ఆ 5 శాతం మాట చెప్పడానికి లేదు.

మీకు అసలు చిక్కు జాబితా దగ్గర వస్తుంది. మన దగ్గర కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రానికి భూ యజమాని ఒప్పుకోవాలి, దాని గడువు 11 నెలలు. ఆ పత్రాలున్నవాళ్ల జాబితానే తీసుకుంటే యజమాని సంతకం పెట్టనివాళ్లంతా మీ లెక్కలోంచి జారిపోతారు. బ్యాంకు రుణం దొరక్క వడ్డీకి తెచ్చుకునేది ఎక్కువగా వాళ్లే కదండీ. అందుకని ముందు ఊళ్లను లాటరీ పద్ధతిలో ఎంచుకోండి. ఆ ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి కౌలు చేసేవాళ్ల పేర్లు మీరే రాసుకుని, వాళ్లలోంచి శాంపిల్ తీయండి. ఒకే ఊరి వాళ్ల పరిస్థితులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి అప్పుడు 384 చాలదు, ఇంకా పెంచాలి. శ్రమే, కానీ వేరే దారి లేదు.

మగ్గం_కబుర్లు:
లెక్క ఆయన చెప్పారు. నా వైపు సంగతి నేను చెబుతాను, తమ్ముడూ. నాది మంగళగిరి చేనేత మీద. మొదటి ఏడాది 42 ప్రశ్నల క్వశ్చనీర్ పట్టుకుని వెళ్లాను. "పూర్తిగా ఏకీభవిస్తాను" నుంచి "అస్సలు ఏకీభవించను" దాకా అయిదు గడులు. ఒక పెద్దాయన గుంట మగ్గంలో కూర్చుని నాడె ఆపకుండానే ప్రతి ప్రశ్నకీ "పర్లేదమ్మా" అన్నారు. మజూరీ పర్లేదు, ఆరోగ్యం పర్లేదు, పిల్లల చదువు పర్లేదు. నేను వరసగా రెండో గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయాను. నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ అక్కడే స్టూలు మీద ఉన్నాడు. ఆయన ఫోనొచ్చి బయటికెళ్లాక పెద్దాయన నాడె ఆపి, "ఇందాక మజూరీ సంగతి అడిగావు చూడూ..." అని మొదలుపెట్టారు. అరగంట మాట్లాడారు. అందులో ఒక్క ముక్క రాసుకోవడానికి కూడా నా ఫారంలో చోటు లేదు.

ఇంకొకటి. ఆ ఫారాలన్నీ వేస్తే, ప్రశ్నల నమ్మకం కొలిచే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే అంకె 0.9 దాటింది. 0.7 దాటితే చాలంటారు కదా, సంబరపడ్డాను. ఎవరికి వాళ్లు అన్ని ప్రశ్నలకీ ఒకే జవాబు ధోరణిగా చెప్పినా ఆల్ఫా పెరుగుతుందని తర్వాత తెలిసింది. జవాబులు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అన్నదే అది చెబుతుంది, నిజమా కాదా అన్నది చెప్పదు.

రెండో ఏడాది ఫారాలు పక్కనపెట్టి 14 మందితో ఇంటర్వ్యూలు చేశాను. అప్పుడు బయటపడింది: "అప్పుందా" అంటే లేదంటారు. మాస్టర్ వీవర్ దగ్గర తీసుకున్నది వాళ్ల దృష్టిలో అప్పు కాదు, "అడ్వాన్సు". మీ దగ్గరా ఇదే ఉంటుంది. ఎరువుల కొట్లో ఖాతా, మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు ఇచ్చిన డబ్బు, కట్టాల్సిన కౌలు బాకీ... ఇవేవీ "అప్పు" అన్న మాటకి పలక్కపోవచ్చు. కాబట్టి ముందు ఇంటర్వ్యూలు చేసి, వాళ్ల మాటలతో ప్రశ్నలు రాసుకుని, ఆ తర్వాత సర్వేకి వెళ్లండి.

తెనాలి_అక్షరం:
అక్క చెప్పింది నిజం. ఒక్క జాగ్రత్త: గంట ఇంటర్వ్యూ టైపు చేయడానికి నాకు ఆరు గంటలు పట్టేది. అదే రాత్రి మొదలుపెట్టండి. ఇంగ్లీషులోకి మార్చి కోడింగ్ చేయొద్దు, తెలుగులోనే చేయండి. "అడ్వాన్సు", "బాకీ", "చేబదులు" మూడూ ఇంగ్లీషులో ఒకే మాటైపోతే మీ థీసిస్‌లో సగం అక్కడే పోతుంది. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. కోడింగ్‌కి టాగెట్, క్వాల్‌కోడర్, లెక్కలకి జామోవి, ఆర్ అన్నీ ఉచితమే.

నంబూరు_స్కాలర్:
అందరికీ ధన్యవాదాలు. మగ్గం అక్కా, 14 మందే ఎందుకు? "ఇంత తక్కువ మందితో జిల్లా అంతటికీ ఎలా చెబుతావు" అని మా గైడ్ గారు అడిగితే?

మగ్గం_కబుర్లు:
పదకొండో మనిషి దగ్గరికొచ్చేసరికి కొత్త సంగతులు రావడం ఆగిపోయాయి. ఖాయం చేసుకోవడానికి ఇంకో ముగ్గురిని కలిశాను. జిల్లాలో ఎంతమంది అన్నది సర్వే చెప్పాలి. అప్పు ఎన్ని రకాలు, ఎలా తిరుగుతుంది అన్నదానికే ఇంటర్వ్యూలు. గైడ్ గారికి ఇలాగే విడదీసి చెప్పు. సొంత భూమి కొంత ఉన్నవాళ్లు, బొత్తిగా లేనివాళ్లు, ఆడవాళ్లు అందరూ వచ్చేలా ఎంచుకో. యజమాని అరుగు మీద మాత్రం కూర్చోకు.

బెజవాడ_లెక్కలు:
ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. మిరప కోతలు మొదలయ్యాయంటే గంటసేపు ఎవరూ కూర్చోరు, ఈలోపే వెళ్లండి.

నంబూరు_స్కాలర్:
దుగ్గిరాల వైపు మా మేనమామ గారి ఊరుంది. మొదటి ఇద్దరినీ అక్కడే కలుద్దామనుకుంటున్నాను. మావయ్యని వెంట తీసుకెళ్లను, ఆయనా పొలం కౌలుకిచ్చేవారే. ప్రశ్నల్లోంచి "అప్పు" అన్న మాట తీసేసి, "పోయినేడు పెట్టుబడి ఎక్కడెక్కడ తెచ్చారండీ?" అని రాసుకున్నాను.