టైటిల్ లేని 'ఫజ్జీ' సినిమా: ఏదో ఎలా తేల్చాలి?

అల్ సెయింట్ జాన్ సినిమాలు వరసగా చూస్తున్నాను. మూకీల రోజుల్లో కామెడీలు చేసి, తర్వాత పీఆర్‌సీ అనే చిన్న హాలీవుడ్ స్టూడియో తీసిన చవక వెస్టర్న్‌లలో (కౌబాయ్ సినిమాల్లో) హీరో పక్కన 'ఫజ్జీ'గా గడ్డం పెంచుకుని స్థిరపడ్డ నటుడు. నా దగ్గరున్న ఒక ప్రింట్‌లో మొదటి టైటిళ్లు లేవు. నిడివి సుమారు 40 నిమిషాలు, అంటే బాగా కత్తిరించినట్టే.

హీరో బస్టర్ క్రాబ్. అతన్ని 'బిల్లీ కార్సన్' అనే పిలుస్తున్నారు. ఈ సిరీస్‌లో హీరో పాత్రకు మొదట ఉన్న 'బిల్లీ ది కిడ్' పేరును 1943లో ఇలా మార్చారు కాబట్టి, ఇది 1943–46 మధ్యది. విలన్ గుంపులో మీసాల చార్లెస్ కింగ్ ఉన్నాడు, కానీ ఆయన లేని సినిమా వెతకడమే కష్టం! ఫజ్జీ గుర్రం ఎక్కబోయి అటువైపు పడే సీనూ అంతే. దర్శకుడితో పోల్చుదామంటే దాదాపు అన్నీ సామ్ న్యూఫీల్డ్‌వే. కథా సారాంశాలు చదివి చూశాను, అన్నీ ఒకేలా ఉన్నాయి. నెట్‌లో దొరికే ప్రింట్లతో సీన్లు సరిపోల్చినా తేలలేదు.

క్రాబ్–ఫజ్జీ సినిమాలను ఒకదాన్నుంచి ఒకటి కచ్చితంగా వేరు చేయడానికి, టైటిళ్లు లేనప్పుడు దేన్ని చూడాలి?