రిస్పెరిడోన్‌తో ప్రొలాక్టిన్ పెరిగింది, మందు మార్చినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా చెల్లికి స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు, దానికి రిస్పెరిడోన్ 4 ఎంజీ వేసుకుంటోంది. చెవిలో మాటలు తగ్గాయి, మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చుంటోంది. ఆ విషయంలో మందుకి దణ్ణం పెట్టాలి. కానీ నెలసరి ఆగిపోయింది, పైగా రొమ్ముల్లోంచి పాలు. పెళ్లికాని పిల్ల కదా, అమ్మ కంగారు చెప్పక్కర్లేదు. పరీక్షలో ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోను) 110 వచ్చింది (25 లోపు ఉండాలట). మందు మెదడులోని డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకోవడం వల్లే ఇలా అవుతుందనీ, ఏళ్ల తరబడి వదిలేస్తే ఎముకలు బలహీనపడొచ్చనీ డాక్టరుగారు చెప్పారు. అరిపిప్రజోల్ అనే ఇంకో మందు కొద్దిగా కలపాలా, మెల్లగా దానికే మార్చాలా అని చూస్తున్నారు. మాత్రలు మా అంతట మేం ఆపం లెండి.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా మారారా? నెలసరి ఎన్నాళ్లకి వచ్చింది? మధ్యలో జబ్బు తిరగబెట్టిందా? కుదురుగా కూర్చోలేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉన్నాయా?